గుండెకు స్టెంటు వేశారు... కాలి నాడి ఎవరు చూశారు?

పదిహేనేళ్లుగా షుగర్. ఒక తెల్లవారుజామున ఛాతీలో నొప్పి. అంబులెన్సు, ఈసీజీ, యాంజియోగ్రామ్, ఒక స్టెంటు. నాలుగో రోజు డిశ్చార్జి. చేతిలో మందుల చీటీ, ఉప్పు తగ్గించమన్న సలహా, నెల తర్వాత రమ్మన్న తేదీ. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఏడాది తిరక్కుండానే చెప్పు కరిచిన చోట, బొటనవేలి పక్కన చిన్న పుండు. పసుపు రాస్తారు, ఆయింట్‌మెంట్ పూస్తారు, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటారు. పుండు మానదు. వేలు నల్లబడ్డాక పెద్దాసుపత్రికి వెళితే, కాలికి రక్తం అందడం లేదని అప్పుడు తెలుస్తుంది.

ఇది ఒక వ్యక్తి కథ కాదు. సర్జరీ వార్డుల్లో పనిచేసే వైద్యులకు బాగా తెలిసిన క్రమం. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. కాలి రక్తనాళం ఈ ఏడాదిలోనే పూడుకుపోయింది కాదు. గుండెకు స్టెంటు వేసిన రోజుకే అది చాలావరకు సన్నబడి ఉంటుంది. ఆ నాలుగు రోజులూ రోగి ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. చుట్టూ ఖరీదైన యంత్రాలు, నిపుణులు ఉన్నారు. పాదం మీద రెండు వేళ్లు ఆనించి నాడి కొట్టుకుంటోందా లేదా అని చూసిన వారే లేరు.

గుండె జబ్బున్న మధుమేహ రోగుల్లో బయటపడకుండా ఉండిపోతున్న కాళ్ల రక్తనాళాల జబ్బు (పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్) సమస్య సారాంశం ఇదే. దీన్ని కనిపెట్టడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. చూడాల్సిన బాధ్యత ఎవరిదో తేలకపోవడమే అసలు చిక్కు.

ఒకే జబ్బు, వేర్వేరు చోట్ల

గుండెపోటు, పక్షవాతం, కాలి కుళ్లు అనేవి మూడు వేర్వేరు జబ్బులని జనం అనుకుంటారు. వాటికి వేర్వేరు డాక్టర్లు, వేర్వేరు వార్డులు ఉండటం ఆ భావనను బలపరుస్తుంది. నిజానికి మూడింటికీ మూలం ఒకటే. ధమనుల లోపలి గోడల్లో కొవ్వు, సున్నం పేరుకుని దారి ఇరుకవుతుంది. గుండె ధమనుల్లో ఇది జరిగితే ఛాతీనొప్పి, మెడలోని ధమనుల్లో అయితే పక్షవాతం, కాళ్లలో అయితే నడిస్తే పిక్క పట్టేయడం, చివరికి మానని పుండు. పొగాకు, మధుమేహం ఈ జబ్బును కాళ్లవైపు మరింతగా నెడతాయి. మధుమేహ రోగుల్లో మోకాలి కింద ఉండే సన్నని ధమనులు ఎక్కువగా దెబ్బతినడం మరో ప్రత్యేకత. అక్కడ బెలూన్ చికిత్సలు, బైపాస్‌లు చేయడం తొడ దగ్గర చేసినంత తేలిక కాదు.

ఒకచోట ఈ జబ్బు కనపడితే మిగతా చోట్లా ఉండవచ్చన్నది వైద్యశాస్త్రంలో కొత్త సంగతి కాదు. 44 దేశాలకు చెందిన 60 వేల మందికి పైగా రోగులను పరిశీలించిన రీచ్ రిజిస్ట్రీ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణం లేదా ఇలాంటి కారణాలతో ఆసుపత్రి పాలవడం అనేవి ఏడాదిలో ఎందరికి ఎదురయ్యాయో అందులో లెక్కించారు. ముప్పు కారకాలు మాత్రమే ఉన్నవారిలో ఇది 5 శాతం దాకా ఉంది. గుండె, మెదడు, కాళ్లు అనే మూడింటిలో ఒకచోట జబ్బు ఉన్నవారిలో సుమారు 12.6 శాతం, రెండు చోట్ల ఉంటే 21 శాతం, మూడు చోట్లా ఉంటే 26 శాతం. అంటే గుండె జబ్బుతో పాటు కాళ్ల జబ్బు కూడా ఉన్న మనిషి, గుండె జబ్బు మాత్రమే ఉన్న మనిషి ఒక్కటి కారు. ఆసుపత్రి రికార్డులో మాత్రం ఇద్దరూ ఒకేలా కనపడతారు.

నొప్పి ఎందుకు చెప్పదు?

ఈ జబ్బుకు పాఠ్యపుస్తకాల్లో చెప్పే లక్షణం ఒకటుంది. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, కాసేపు ఆగితే తగ్గుతుంది, మళ్లీ నడిస్తే మళ్లీ వస్తుంది. ఈ లక్షణం కోసం ఎదురుచూస్తే చాలామంది రోగులు దొరకరు. అమెరికాలో దాదాపు 7 వేల మందిపై జరిపిన పార్ట్‌నర్స్ అధ్యయనం 2001లో వెలువడింది. 70 ఏళ్లు దాటినవారిని, 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉండి పొగతాగే అలవాటో మధుమేహమో ఉన్నవారిని సాధారణ వైద్యుల క్లినిక్కుల్లోనే పరీక్షించారు. 29 శాతం మందిలో కాళ్ల రక్తనాళాల జబ్బు బయటపడింది. వారిలో ఆ పాఠ్యపుస్తక లక్షణం ఉన్నవారు పది మందిలో ఒకరు మాత్రమే.

మధుమేహం, గుండె జబ్బు కలిసి ఉన్నవారిలో ఈ మౌనం రెండింతలు అవుతుంది. దీర్ఘకాలిక షుగర్ నరాలను దెబ్బతీస్తుంది కాబట్టి పాదానికి నొప్పి తెలియదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి ఉన్నా స్పృహ ఉండదు. మరోవైపు గుండె బలహీనపడిన మనిషి ఎక్కువ దూరం నడవడు. పిక్క నొప్పి మొదలయ్యేలోపే ఆయాసం వచ్చి కూలబడతాడు. కాలు తన కష్టం చెప్పుకునే అవకాశం రాదు. నొప్పి వచ్చినా దానికి వేరే పేర్లు సిద్ధంగా ఉంటాయి. వయసు మీద పడింది, మోకాళ్లు అరిగాయి, సయాటికా, బలహీనత, కొలెస్ట్రాల్ మందుల వల్ల వచ్చే ఒళ్లు నొప్పులు. ఆడవాళ్లయితే చాలా ఇళ్లలో కాళ్ల నొప్పులు అసలు చెప్పుకోరు.

వైద్యంలో వచ్చిన ఒక మంచి మార్పు కూడా తెలియకుండానే ఈ మౌనానికి తోడైంది. గతంలో యాంజియోగ్రామ్ ఎక్కువగా తొడ దగ్గరి ధమని నుంచి చేసేవారు. గొట్టం పైకి వెళ్లకపోతే, నాడి బలహీనంగా తగిలితే కాలి ధమనుల్లో ఏదో తేడా ఉందని కార్డియాలజిస్టుకు అనుమానం వచ్చేది. ఇప్పుడు చాలావరకు మణికట్టు దగ్గర నుంచే చేస్తున్నారు. రక్తస్రావం తక్కువ, రోగి త్వరగా లేచి తిరగగలడు. కానీ నడుము కింద ఏం జరుగుతోందో చూసే ఆ యాదృచ్ఛిక అవకాశం పోయింది. దాని స్థానంలో కావాలని చేసే పరీక్ష ఏదీ రాలేదు.

పావుగంట పరీక్ష

ఆ పరీక్ష పేరు యాంకిల్ బ్రాకియల్ ఇండెక్స్, క్లుప్తంగా ఏబీఐ. చేతికి బీపీ చూసినట్టే చీలమండ దగ్గర కూడా చూస్తారు. నాడి చప్పుడు వినడానికి చేతిలో ఇమిడే చిన్న డాప్లర్ పరికరం వాడతారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఏబీఐ. ఆరోగ్యవంతుల్లో ఇది 1.0 నుంచి 1.4 మధ్య ఉంటుంది. 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే కాళ్ల ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు. సూది లేదు, రంగు మందు లేదు, రేడియేషన్ లేదు. శిక్షణ పొందిన నర్సు పావుగంటలో చేయగలదు.

మధుమేహ రోగుల్లో ఇక్కడా ఒక మెలిక ఉంది. కొందరిలో ధమని గోడలు సున్నం పట్టి గొట్టంలా గట్టిపడతాయి. బీపీ పట్టీ ఎంత బిగించినా ధమని నొక్కుకోదు. అప్పుడు ఏబీఐ 1.4 దాటిపోతుంది, లేదా లోపల అడ్డంకి ఉన్నా మామూలుగానే కనిపిస్తుంది. అందుకే షుగర్ రోగిలో ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. అనుమానం ఉంటే కాలి బొటనవేలి దగ్గర పీడనం కొలుస్తారు. వేలి ధమనులు అంతగా గట్టిపడవు కాబట్టి అది నిజం చెబుతుంది.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల బృందం 50 ఏళ్లు దాటిన మధుమేహ రోగులకు ఏబీఐ చేయాలని 2003లోనే సూచించింది. బ్రిటన్‌లో మధుమేహ రోగులందరికీ ఏటా పాదాల పరీక్ష చేసి, ముప్పు స్థాయిని రికార్డు చేయడం ప్రాథమిక వైద్యంలో భాగం. భారత్‌లోనూ మధుమేహ నిపుణులు ఈ మాట చెప్పని సదస్సు ఉండదు. ఆచరణే కరవు. కిక్కిరిసిన ఓపీలో రోగికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఆ కొద్ది సమయంలో చెప్పులు, మేజోళ్లు విప్పించి పాదాలు చూడటం అనేది మొదట వాయిదా పడే పని.

లెక్క ఎంత పెద్దది?

ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పెద్దల్లో 35 శాతానికి పైగా అధిక రక్తపోటు ఉంది. 2016-17 నాటి ప్రపంచ పొగాకు సర్వే ప్రకారం 28.6 శాతం వయోజనులు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. కాళ్ల రక్తనాళాల జబ్బుకు కావాల్సిన దినుసులన్నీ ఇక్కడ పుష్కలంగా ఉన్నాయి.

జబ్బు ఎందరిలో ఉందో చెప్పే సమాచారం మాత్రం పలుచన. తరచూ ఉదహరించే చెన్నై పట్టణ జనాభా అధ్యయనం 2000లో వెలువడింది. మామూలు కాలనీల్లో నివసించే మధుమేహ రోగుల్లో 6.3 శాతం మందిలో ఈ జబ్బు ఉన్నట్టు అది తేల్చింది. షుగర్ లేనివారిలో ఇది 2.7 శాతం. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇవి తక్కువే. కానీ అది పాతికేళ్ల నాటి మాట. పైగా అది సాధారణ జనాభా లెక్క. గుండె జబ్బు కూడా తోడైన, వయసు మళ్లిన రోగులకు దాన్ని అన్వయించలేం. భారత్‌లో మధుమేహం చిన్న వయసులోనే వస్తోంది. ఇరవై ఏళ్లు షుగర్‌తో గడిపి అరవయ్యో పడిలోకి అడుగుపెడుతున్న తరం ఇప్పుడు తయారైంది. 2010 నాటికి ప్రపంచంలో ఈ జబ్బు ఉన్నవారు 20.2 కోట్లని, వారిలో దాదాపు 70 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారని 2013లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ అంచనా వేసింది. ఇది సంపన్న దేశాల వృద్ధుల జబ్బు అనే భావనకు అప్పుడే కాలం చెల్లింది.

‘మందులు ఎలాగూ అవే కదా?’

పరీక్ష అక్కర్లేదనే వారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. గుండె జబ్బున్న రోగి అప్పటికే ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ మందులు వాడుతుంటాడు. కాళ్ల జబ్బు తెలిసినా చీటీలో ఉండేవి అవే మందులు. మరి తెలుసుకుని ఏం లాభం? ఈ ప్రశ్నకు ఆధారాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 500 మందికి పైగా అధిక ముప్పు ఉన్న గుండె రోగులపై ఒక ట్రయల్ జరిపారు. సగం మందికి శరీరమంతటా ధమనులను వెతికి పరీక్షించి, మందులు కట్టుదిట్టం చేశారు. గుండెపోట్లు, మరణాల విషయంలో రెండు బృందాల మధ్య తేడా కనిపించలేదు. లక్షణాలు లేని సాధారణ ప్రజలకు ఏబీఐ చేయాలా వద్దా అని తేల్చడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా ప్రభుత్వ నివారణ సేవల నిపుణుల బృందం 2018లో ప్రకటించింది.

దీనికి భిన్నమైన ఆధారమూ ఉంది. డెన్మార్క్‌లో 65 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 50 వేల మంది పురుషులపై జరిపిన వివా ట్రయల్‌లో పొట్టలోని ప్రధాన ధమని ఉబ్బు, కాళ్ల ధమనుల జబ్బు, రక్తపోటు మూడింటినీ కలిపి పరీక్షించారు. ఐదేళ్లలో మరణాలు 7 శాతం తగ్గాయి. అందులో కాళ్ల పరీక్ష వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

కానీ ఈ చర్చ అంతా గుండెపోట్ల చుట్టూ, మరణాల చుట్టూ తిరుగుతోంది. భారతీయ రోగి పోగొట్టుకుంటున్నది కాలు. అక్కడ ముందే తెలుసుకోవడానికి, ఆలస్యంగా తెలుసుకోవడానికి తేడా ఉంది. కాలికి రక్తం తక్కువగా అందుతోందని తెలిస్తే అదే పుండును చూసే తీరు మారుతుంది. రెండు వారాలు ఆగి చూద్దాం అనేది పోయి రెండు రోజుల్లో నిపుణుడి దగ్గరికి పంపడం మొదలవుతుంది. బైపాస్ సర్జరీ కోసం కాలి నుంచి సిర తీసేటప్పుడు ఏ కాలు ఎంచుకోవాలి, ఆ గాయం మానుతుందా అన్నది ముందే ఆలోచిస్తారు. మందులూ పూర్తిగా అవే కావు. 2017లో వెలువడిన కంపాస్ ట్రయల్‌లో ఆస్పిరిన్‌కు తక్కువ మోతాదు రివరోక్సబాన్ జోడించినప్పుడు గుండెపోటు, పక్షవాతం, మరణాలు కలిపి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. కాళ్ల జబ్బున్నవారిలో కాలు తీసేయాల్సిన సందర్భాలూ బాగా తగ్గాయి. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి ఇది అందరికీ ఇచ్చే మందు కాదు. ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవాలంటే ఎవరి కాళ్లలో జబ్బు ఉందో తెలియాలి. మధుమేహంతో పాటు కాళ్ల జబ్బున్న 792 మందిపై జరిపిన స్ట్రైడ్ ట్రయల్‌లో సెమాగ్లూటైడ్ వాడినవారి నడక దూరం పెరిగినట్టు 2025లో వెల్లడైంది. చికిత్స మారే అవకాశాలు పెరుగుతున్న కొద్దీ ‘తెలుసుకుని ఏం లాభం’ అనే ప్రశ్న బలం తగ్గుతోంది.

అన్నిటికంటే ముఖ్యం రోగి నడవడిక. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం, అలిపిరి మెట్లు వట్టి కాళ్లతో ఎక్కడం, ఎండకు కాలిన గుడి ప్రాంగణంలో ప్రదక్షిణలు చేయడం, పొలం గట్ల మీద, వరి మడిలో పాదరక్షలు లేకుండా పనిచేయడం తెలుగు జీవితంలో భాగం. రక్తం అందని, స్పర్శ తెలియని పాదానికి వీటిలో ఏదైనా చాలు. భక్తినో బతుకుదెరువునో మానుకోమని ఎవరూ చెప్పలేరు. తన పాదం ఏ స్థితిలో ఉందో తెలిస్తే మాత్రం మేజోళ్లు వేసుకోవాలా, డాక్టర్‌ను అడిగి వెళ్లాలా అని రోగి తనే నిర్ణయించుకోగలడు. తెలియనివాడికి ఆ అవకాశమే లేదు.

మరో భయం: అక్కర్లేని స్టెంట్లు

కాళ్ల పరీక్షలు పెంచమంటే మరో ప్రమాదం పొంచి ఉంది. వైద్యం వ్యాపారమైన చోట ప్రతి కొత్త పరీక్షా ఒక కొత్త బిల్లుకు దారి తీయవచ్చు. గుండె స్టెంట్ల ధరలు, వాటి విచ్చలవిడి వాడకంపై విమర్శలు చెలరేగాక 2017 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ ధరల ప్రాధికార సంస్థ వాటి ధరకు పరిమితి విధించాల్సి వచ్చింది. ఏ బాధా లేని మనిషికి ఏబీఐ తక్కువగా వచ్చిందని చెప్పి, భయపెట్టి, కాలి ధమనికి బెలూన్ వేసే కేంద్రాలు పుట్టుకురావని హామీ లేదు.

ఇక్కడ వైద్య మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. లక్షణాలు లేని కాళ్ల జబ్బులో, భవిష్యత్తులో ముదరకుండా ఉండటానికని చెప్పి బెలూన్ గానీ బైపాస్ గానీ చేయకూడదు. పొగాకు మానడం, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ అదుపు, క్రమబద్ధమైన నడక, పాదాల సంరక్షణ, ఇవే చికిత్స. కాలు నిలబెట్టుకోవడం ప్రశ్నార్థకమైనప్పుడు, మందులకు లొంగని నొప్పి జీవితాన్ని కుదించేసినప్పుడు మాత్రమే ఆపరేషన్ ఆలోచన. పరీక్ష ఎవరికి చేయాలో చెప్పే నిబంధనతో పాటే ఈ గీతను కూడా గీయాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే రోగికి మేలు కంటే కీడే ఎక్కువ.

డబ్బు ఎటు వెళుతోంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి గుండె ఆపరేషన్ అందుబాటులోకి తెచ్చింది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా దేశవ్యాప్తంగా కుటుంబానికి ఏటా రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తోంది. ఈ పథకాలు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. అయితే వీటి నిర్మాణం ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స చుట్టూ అల్లుకుంది. స్టెంటుకు ప్యాకేజీ ఉంటుంది. పాదం చూసి, నాడి పట్టి, ఏబీఐ తీసి, రోగికి పది నిమిషాలు నచ్చజెప్పడానికి ఏ ప్యాకేజీ ఉంటుంది? డబ్బు ఎక్కడ ఉంటే శ్రద్ధ అక్కడ ఉంటుంది.

రెండో వైపు ప్రాథమిక వైద్యం ఉంది. 2010లో మొదలై ఇప్పుడు ఎన్‌పీ-ఎన్‌సీడీగా పిలుస్తున్న జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తున్నారు. 2025 నాటికి 7.5 కోట్ల మంది బీపీ, షుగర్ రోగులను ప్రామాణిక చికిత్స కిందికి తేవాలని 2023 మేలో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఎందరికి పరీక్ష చేశారు, ఎందరికి మందులిచ్చారు అన్నది లెక్కకు వస్తుంది. ఎందరి పాదాలు చూశారన్నది ఆ లెక్కల్లో ముందుకు రాదు. ఏఎన్‌ఎం ఇంటింటికీ తిరుగుతూ షుగర్ పరీక్ష చేస్తుంది, ఫోన్‌లో నమోదు చేస్తుంది, పాదం వైపు చూడమని ఎవరూ అడగరు కాబట్టి ముందుకు సాగిపోతుంది.

చేయాల్సింది చిన్నదే

అందరికీ అన్ని పరీక్షలూ అనే నినాదం ఇక్కడ పనికిరాదు. ముప్పు ఎక్కడ ఎక్కువో అక్కడే మొదలుపెట్టవచ్చు. మధుమేహం ఉండి గుండెపోటుతోనో, స్టెంటు కోసమో, బైపాస్ కోసమో ఆసుపత్రిలో చేరినవారు ఆ తొలి వరుస. వారు అప్పటికే మంచం మీద ఉన్నారు, సిబ్బంది అక్కడే ఉంది. డిశ్చార్జికి ముందు రెండు పాదాల నాడి చూసి, ఏబీఐ తీసి, డిశ్చార్జి కాగితంలో ఒక వరుస రాస్తే చాలు. ఆ వరుస లేనిదే ప్యాకేజీ బిల్లు మంజూరు కాదని ప్రభుత్వ పథకాలు షరతు పెడితే పెద్దగా అదనపు ఖర్చు లేకుండానే ఆనవాయితీ మారుతుంది. పీహెచ్‌సీల్లో షుగర్ మందుల కోసం వచ్చేవారికి ఏడాదికోసారి చెప్పులు విప్పించి పాదాలు చూడటం, స్పర్శ పరీక్షించడం నర్సుల స్థాయిలోనే జరిగిపోవచ్చు. పుండుతో వచ్చిన షుగర్ రోగిని ఎన్ని గంటల్లో, ఏ ఆసుపత్రికి పంపాలో ప్రతి జిల్లాలో రాసి ఉండాలి. రక్తనాళాల సర్జన్లు హైదరాబాద్, విశాఖ వంటి నగరాలకే ఎక్కువగా పరిమితమైన పరిస్థితిలో ఆ దారి ముందే వేసి ఉంచకపోతే రోగి ఆర్‌ఎంపీ నుంచి నర్సింగ్ హోముకు, అక్కడి నుంచి మరోచోటుకు తిరుగుతూ విలువైన రోజులు పోగొట్టుకుంటాడు.

మధుమేహంలో కాలు తీసేయాల్సి వచ్చిన ప్రతి ఆరుగురిలో ఐదుగురికి అది ఒక చిన్న పుండుతోనే మొదలవుతుంది. మోకాలి పైనో కిందో కాలు తీసేసిన మధుమేహ రోగుల్లో సగానికి పైగా ఐదేళ్లలో చనిపోతున్నారని అంతర్జాతీయ అధ్యయనాలు చెబుతున్నాయి. చాలా క్యాన్సర్ల కంటే ఇది అధ్వానం. కౌలు రైతుకు, ఆటో డ్రైవర్‌కు, మిషన్ తొక్కే దర్జీకి కాలు పోవడం అంటే ఆ ఐదేళ్లూ సంపాదన లేకుండా, ఒకరి మీద ఆధారపడి గడపడం. గుండెను కాపాడటానికి లక్షలు ఖర్చుపెట్టిన వ్యవస్థ అదే మనిషి కాలిని పావుగంట సమయం లేక వదిలేస్తోంది.

విధానాలు మారేదాకా రోగులూ వారి కుటుంబాలూ చేయగలిగింది ఒకటుంది. షుగర్, గుండె జబ్బు రెండూ ఉన్నవారు ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన అడక్కపోయినా, చెప్పులు విప్పి పాదాలు చూడమని అడగాలి.